సరుగుడు చెట్టుకు కట్టిన దారం

చిట్కుల్ ఊరి ఆగమ్మకు దేవుళ్ళ మధ్య తేడా తెలియదు. ఏటా ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీమాతకు ఒడిబియ్యం పోసేది. దర్గా ముందు నుంచి పోతే చెయ్యి నొసటికి తాకించుకునేది. పొలాలన్నీ ప్లాట్లయ్యాక కూలి పని లేకుండా పోయి, ఇస్నాపూర్ పక్కన ఒక కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. మొగుడు పెద్దరాములు అక్కడే వాచ్‌మన్. వాళ్ళకు ఒక్కతే కూతురు, రవళి.

రవళి ఇంటర్ అయ్యాక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. అక్కడి స్నేహితురాలి వెంట, బస్తీ చివర రేకుల షెడ్డులో జరిగే ఏసు ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. పెద్దరాములు మండిపడ్డాడు.

"మన ఇంట్ల లేని దేవుడు ఆడ ఉన్నడా?"

"పోనియ్యి. ఆడికి పోయొస్తే పిల్ల మొఖం తేటగుంటుంది" అని ఆగమ్మ కూతురి వైపు మాట్లాడింది.

ఆ షెడ్డు ముందు ఒక సరుగుడు చెట్టు ఉంది. క్రిస్మస్‌కు దాన్నే అలంకరించేవారు. మాత్రల ప్యాకింగ్‌లో మిగిలి చెత్తలోకి పోయే వెండికాగితాన్ని అడిగి తెచ్చుకుని, రవళి నక్షత్రాలు కత్తిరించి కట్టేది. ఎండాకాలంలో ఆ చెట్టుకు నీళ్ళు పోసేదీ ఆమే. పండుగ సాయంత్రం ఆగమ్మ కూడా వెళ్ళి, రోడ్డు అవతల నిలబడి చూసేది.

"దసరాకు మనం జమ్మికి మొక్కుతం గద, గట్లనే ఇదీనా?" అని అడిగింది ఒకసారి.

"దీనికి ఎవ్వలు మొక్కరే అమ్మా. ఉత్తగ సంబురానికి."

ఒక ఏడు వానాకాలంలో రవళికి డెంగీ జ్వరం పట్టుకుంది. సంగారెడ్డి దవాఖానలో చేర్చారు. ఆగమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి సరుగుడు చెట్టు దగ్గరకూ పోయింది. "నా బిడ్డ నీకు నీళ్ళు పోసింది. నువ్వన్న సూడు" అని కొమ్మకు ఎర్రదారం కట్టి వచ్చింది.

రవళి దక్కలేదు.

చలి మొదలయ్యాక ఆ షెడ్డు మందిరానికి కొత్త పాస్టర్ వచ్చాడు. పేరు త్రినాథరావు, శ్రీకాకుళం వైపు మనిషి. కొమ్మకున్న దారాన్ని చూసి, ఈ ఏడు చెట్టును అలంకరించేది లేదని ఆదివారం ఆరాధనలో చెప్పేశాడు. ఆ సంగతి ఆగమ్మకు ఎవరూ చెప్పలేదు. పండుగ ముందు సాయంత్రం, రవళి బట్టల కింద దాచిన నక్షత్రాల సంచి పట్టుకుని, పండుగ కోసం మొదటిసారి రోడ్డు దాటి ఆ గేటు లోపలికి వచ్చింది.

"ఇక్కడ కట్టకూడదమ్మా" అన్నాడు పాస్టర్.

"ఏంది అయ్యగారూ, ఏటా కడ్తరు గద? నా బిడ్డే కడ్తుండె."

"చెట్టును వెండితో, బంగారంతో సింగారించడం అన్యుల ఆచారమని బైబిల్‌లో ప్రవక్త ఎప్పుడో చెప్పాడు. ఇది క్రీస్తు పుట్టకముందు నాటి చెట్టుపూజ."

బల్లలు సర్దుతున్న సంఘపెద్ద రాజారావు అటు వచ్చాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరై, బీరంగూడలో స్థిరపడ్డ మనిషి.

"ప్రవక్త అన్నది చెక్కి నిలబెట్టే విగ్రహాల గురించండీ" అన్నాడాయన. "చలిదేశాల్లో మంచుకాలం ఆకులన్నీ రాలిపోతే, పచ్చగా మిగిలిన కొమ్మల్ని జనం ఇంట్లో పెట్టుకునేవారు. అది పాత ఆచారమే, కాదనను. కానీ జర్మనీ వైపు క్రిస్మస్ ముందురోజు ఆదాము అవ్వల నాటకం వేసేవారు. ఏదెను తోటకు గుర్తుగా యాపిల్‌పండ్లు కట్టిన చెట్టు నిలబెట్టేవారు. అదే మెల్లగా ఇళ్ళలోకి వచ్చిందంటారు. వద్దన్న భక్తులు అప్పుడూ ఉన్నారు, కావాలన్నవాళ్ళూ ఉన్నారు."

"మరి ఈ దారం సంగతేమిటండీ? ఇది జర్మనీ నుంచి వచ్చిందా?" అన్నాడు పాస్టర్.

"నేనే కట్టిన" అంది ఆగమ్మ.

పాస్టర్ ఆ దారాన్ని వేళ్ళతో తాకి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "చిన్నప్పుడు మా తమ్ముడికి జ్వరమొస్తే మా అమ్మ రావిచెట్టుకు దారాలు కట్టిందమ్మా. చెట్టు కాపాడుతుందని ఆస్పత్రికి తీసుకుపోలేదు. వాడు నా ఒళ్ళోనే పోయాడు. కొమ్మకు దారం కనబడితే నాకు వాడే గుర్తొస్తాడు."

"నేను దవాఖానకు తీస్కపోయిన అయ్యగారూ. దారం గూడ కట్టిన. రెంటికీ ఆగలే నా బిడ్డ. చెట్టు ఏమియ్యదని నాకు తెల్సు. ఇయ్యాల మొక్కనీకె రాలే. నా బిడ్డ చేతులు తిరిగిన కొమ్మలు గివి, అంతే."

రాజారావు పాస్టర్ వైపు చూశాడు. పాస్టర్ కళ్ళు తుడుచుకున్నాడు గానీ మాట మార్చలేదు. "ఒకరికి ఒప్పుకుంటే రేపు పదిమంది దారాలు తెస్తారు. నన్ను క్షమించమ్మా."

ఆగమ్మ వాదించలేదు. కొమ్మ వంచి తను కట్టిన దారాన్ని విప్పబోయింది. వానకు తడిసి ఎండి ముడి బిగుసుకుపోయింది. పాస్టర్ కూడా వచ్చి గోళ్ళతో ముడి వదులు చేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని విప్పారు.

ఆమె ఇంటికొచ్చేసరికి పెద్దరాములు డ్యూటీ దిగి గడప మీద కూర్చుని ఉన్నాడు. సంగతి వినగానే లేచాడు.

"నేను పోయి అడుగుత. మన పిల్ల పెంచిన చెట్టుకు మన పిల్లవి కట్టొద్దంటడా?"

"వద్దు. ఆయనకు గూడ సచ్చిన తమ్ముడున్నడు."

పెద్దరాములు మళ్ళీ కూలబడ్డాడు. నెత్తి మీది టోపీ తీసి అన్నాడు: "పిల్ల నన్ను గూడ పిలిచింది. పోయినేడు పండుగకు. ఒక్కసారి వచ్చి సూడు నాయినా అన్నది. పోలే."

ఆగమ్మ నక్షత్రాల సంచి కింద పెట్టింది. వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

"పండుగకు ఆ చెట్టు ఎట్లుంటుండెనే?" అన్నాడతను, రోడ్డు వైపు చూస్తూ. "జెర చెప్పు."

ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది.