ఒడాలీ ఇంటి ఎత్తు

వరద నీళ్ళు అందకుండా నా చేతుల్తో నూట నలభై మూడు ఇళ్ళు పైకెత్తాను నేను. దక్షిణ లూసియానాలో మా బయూ కాలువ పొడవునా, ఈ గట్టునా ఆ గట్టునా, నా జాకీ తిరగని వీధి లేదు. ఇంట్లో సామాను కదపనిచ్చేవాణ్ణి కాదు. అలమరలో పింగాణీ కప్పులు ఎక్కడివక్కడ ఉండగానే ఇంటిని ఆరడుగులు లేపి, సిమెంటు స్తంభాల మీద కూర్చోబెట్టేవాణ్ణి. ఒక్క కప్పు పగిలినా డబ్బులు తీసుకోనని మాట ఇచ్చేవాణ్ణి. నలభై ఐదేళ్ళలో ఆ మాట వల్ల నాకు పైసా పోలేదు. నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. ఇంజనీర్లు వచ్చి నన్ను అడిగి రాసుకుపోయేవారు.

అది నా సంగతి. ఈ కాగితాలు మాత్రం మా చెల్లెలు ఒడాలీ కోసం.

ఒడాలీ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. మొగుడు ఫెర్రిస్ రొయ్యల పడవ మీద గుండె ఆగి పోయినప్పుడు దానికి ముప్పై నాలుగేళ్ళు. రొయ్యలు ఎండబెట్టే షెడ్లో కొన్నాళ్ళు, తరవాత బడి వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఊళ్ళో సగం మంది దాని చేతి గంబో పులుసు తిని పెరిగినవాళ్ళే. పిల్లల్లేరు. దానికంటూ ఉన్నది మా నాన్న కట్టిన సైప్రస్ చెక్క ఇల్లు ఒక్కటే. బాగుచేయించడానికి దాని మీద తెచ్చిన అప్పు తీరేసరికి చెల్లెలికి అరవై దాటాయి.

అప్పున్నన్నాళ్ళూ బ్యాంకువాళ్ళు వరద బీమా ఉండి తీరాలనేవారు. అప్పు తీరిన రోజున దాన్ని మానేయమని చెప్పింది నేనే.

"నేనెత్తిన ఇంటికి బీమా ఏంటే? నీళ్ళు వచ్చి నీ మెట్లు లెక్కపెట్టుకుని పోతాయి."

నా ధీమాకి ఒక ఆధారం ఉంది. మా ఇళ్ళ ముందు రేవు దగ్గర మా నాన్న పాతిన సైప్రస్ గుంజ ఉంది. వరద వచ్చిన ప్రతిసారీ నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో దాని మీద ఉలితో గాటు పెట్టేవాడాయన. ఆయన తరవాత ఉలి నేను పట్టుకున్నాను. అప్పటికి అన్నిటికంటే పై గాటు నలభై ఏళ్ళ కిందటిది. ఆ నీళ్ళు తీశాకే ఒడాలీ ఇల్లూ, పక్కనే ఉన్న నా ఇల్లూ ఎత్తాను. దారం కట్టి చూసి, ఆ గాటుకి సరిగ్గా జానెడు పైన రెండిళ్ళ నేలా ఉండేలా నిలబెట్టాను. ఆ తరవాత అప్పటిదాకా ఏ వరదా ఆ గాటు అందుకోలేదు.

మూడేళ్ళ కిందట, జులైలో, రోడ్డు ఎత్తు పెంచుతారని కొలవడానికి జెర్లీన్ అనే సర్వేయరు పిల్ల వచ్చింది. ఎండ మండిపోతుంటే ఒడాలీ నిమ్మరసం ఇచ్చింది. ఆ పిల్ల ఊరికే తాగడం ఇష్టంలేక ఇంటి ఎత్తు కూడా కొలిచిపెట్టింది. ఇల్లెత్తినప్పటి పాత కాగితం తెప్పించుకుని చూసింది.

"అమ్మా, మీ ఇంటి నేల ఈ కాగితంలో ఉన్నదానికంటే అడుగున్నర కిందికి దిగింది" అంది.

నేను నవ్వాను. "నేను పెట్టిన నేల పెట్టినచోటే ఉంటుందమ్మాయ్. రా, గుంజ చూపిస్తా. ఇదిగో గాటు. అదిగో నేల. మధ్యన జానెడు. నా చెయ్యి పెట్టి చూసుకో, అబద్ధమాడదు."

ఆ పిల్ల వంగి గుంజ మొదలు చూసింది.

"ఈ గుంజ ఎక్కడ నిలబడుంది, తాతగారూ?"

"ఇక్కడే. ఆకాశంలోనా?"

"ఇక్కడి భూమి కుంగుతోంది. ఇల్లు దిగింది, దాంతోపాటు గుంజా దిగింది. రెండూ కలిసి దిగాయి కాబట్టి మధ్యలో జానెడు అలాగే కనిపిస్తుంది. సముద్రం మాత్రం దిగలేదు. అప్పటి నీళ్ళే మళ్ళీ వస్తే, ఇంటి నేలకి జానెడు కింద ఆగవు. జానెడు పైన నిలబడతాయి."

"నూట నలభై మూడు ఇళ్ళు ఎత్తినవాడికి చెప్తున్నావు" అన్నాను.

ఒడాలీ గ్లాసులు తీసుకుంటూ తల ఎత్తకుండా అంది: "ఇళ్ళు ఎత్తావన్నయ్యా, కాదన్లేదు. కింద నేల ఎప్పుడన్నా ఎత్తావా?"

మర్నాడు పట్నంలో బీమా ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళమంది. బండి నేనే నడిపాను. ఆఫీసులో మాత్రం ఊరుకోలేకపోయాను.

"దీనికి ఇంటి బీమా ఉంది కదయ్యా. మళ్ళీ ఇంకోటెందుకు?"

"అది గాలికీ నిప్పుకీ అండీ. గాలి కప్పు పీకేసి వాన లోపల పడితే దాంట్లో వస్తుంది. నేల మీంచి నడిచొచ్చే నీళ్ళకి పైసా రాదు. దానికి ఈ కాగితం వేరే ఉండాలి. లోపలి సామానుకి మళ్ళీ విడిగా రాయించుకోవాలి."

"మాది ప్రమాదం తక్కువ గీత లోపల ఉందన్నారుగా వరద మ్యాపులో?"

"తక్కువంటే లేదని కాదు పెద్దాయనా. ఆ గీత నీళ్ళకి తెలీదు."

ఒడాలీ ఇంటికీ సామానుకీ రెంటికీ సంతకం పెట్టింది. అప్పుడు చెప్పాడతను, బీమా అమల్లోకి రావడానికి ముప్పై రోజులు పడుతుందని.

"తుఫానుకి కూడా ఈ సంగతి చెప్పారా బాబూ?" అని అడిగింది ఒడాలీ.

నా ఇంటికి కూడా రాయమంటారా అన్నాడు ఏజెంటు. నా పని మీద నాకు నమ్మకం ఉందన్నాను.

ఆ సాయంత్రం ఒడాలీ ముప్పై ఎర్ర చిక్కుడు గింజలు ఏరి, ఒక కప్పులో పోసి కిటికీలో పెట్టింది. రోజుకొకటి తీసి పక్కన సీసాలో వేసేది. దాన్ని ఏడిపించడానికే ప్రతి పొద్దునా వెళ్ళేవాణ్ణి. "వండటానికి సరిపోతాయా?" అనేవాణ్ణి. కప్పులో నాలుగు గింజలున్న రోజున సముద్రంలో తుఫాను పుట్టిందని రేడియో చెప్పింది. ఆ తరవాత నేను ఏడిపించలేదు. రెండు గింజలున్నప్పుడు అది మావైపు తిరిగింది. ఒక్క గింజ మిగిలినప్పుడు కదలకుండా నీళ్ళ మీదే కూర్చుంది. ఒడాలీ జపమాల పట్టుకోలేదు. బట్టలు సర్దుతూ, "దాన్ని కుంటికాలుతో రానీ తల్లీ, కుంటికాలుతో రానీ" అని గొణుక్కుంది.

ఖాళీ కప్పు కిటికీలో వదిలేసి, ఉత్తరాన మెరక మీదున్న చుట్టాలింటికి వెళ్ళిపోయాం. తుఫాను ముప్పై రెండో రోజున గట్టు దాటింది.

తుఫాను వెళ్ళిన అయిదో నాడు తిరిగొచ్చాం. వాకిట్లో బురద, చచ్చిన చేపలు. నా స్తంభాలు ఒక్కటి కూడా వంగలేదు. అలమరలో కప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి కింద గోడ మీద గోధుమరంగు చార ఉంది. ఒడాలీ తన చెయ్యి చాపి పెట్టి చూసింది. నేల నుంచి జానెడు, పైన ఇంకో రెండు వేళ్ళు.

నా ఇంట్లోకి అదే మొదట వెళ్ళి చూసింది. బయటికొచ్చి, "నీదీ అంతే అన్నయ్యా" అంది. రెండిళ్ళూ ఒకే దారం కట్టి నిలబెట్టినవాణ్ణి నేనే. వేరేగా ఎందుకుంటుంది?

చెక్కలు ఉబ్బాయి, గోడల్లో బూజు పట్టింది. తుఫాను గట్టు దాటేసరికి ఒడాలీ బీమా అమల్లోకి వచ్చి రెండు రోజులు. వాళ్ళు వచ్చి చూసుకున్నారు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించుకున్నారు, చివరికి ఇచ్చారు. ఇల్లు పూర్వంలా అయింది, ఇంకా ఎత్తుకి లేపడానికి కూడా డబ్బు వచ్చింది. నా ఇంటికి గాలి బీమా అతను వచ్చి, కప్పు చూసి, గోడ మీద చార చూసి, టోపీ తీసి, ఈ నీళ్ళకి పైసా రాదన్నాడు. ఆ శీతాకాలం నా ఇల్లు నేనే పలక పలకగా విప్పాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో.

ఒడాలీ ఇంటిని మళ్ళీ లేపడం నా నూట నలభై నాలుగో పని. కుర్చీలో కూర్చుని జాకీ తిప్పేవాళ్ళకి అంకెలు పలికాను. ఈసారి దారం కట్టలేదు. జెర్లీన్‌ని పిలిపించి, ఆ పిల్ల చాలు అన్నంతవరకూ ఆపలేదు. కప్పులు పగల్లేదు.

గుంజ మీద కొత్త గాటు కూడా నేనే పెట్టాను. దాని పక్కన రేకు కొట్టి, జెర్లీన్ చెప్పిన కొలతా, కొలిచిన ఏడూ చెక్కించాను. చూడటానికి వచ్చినవాళ్ళకి ముందు రేకు చదవమంటాను.

ఇప్పుడు నా మంచం ఒడాలీ ఇంటి వెనక గదిలో ఉంది. ఏడాదికోసారి ఆ బీమా కాగితం టపాలో వస్తుంది. ఒడాలీ దాన్ని తెచ్చి నా కాఫీ కప్పు కింద పెడుతుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుతాను. అది పొయ్యి దగ్గర నిలబడి వింటుంది.