పుంజును ఇల్లుటం పంపిన ముచ్చట

పోయిన వారం మా మనుమరాలు ఫోన్ పట్టుకొని నా పక్కన కూసొని, తన లవ్ బర్డ్స్ జంటను అమ్ముతున్ననని చెప్పింది. హాస్టలుకు పోతాంది, మోకాళ్లు పట్టుకున్న నాతోని పంజరం కడుగుడు కాదు, అమ్ముడు సబబే. కానీ ఎట్ల అమ్ముతాందయ్యా అంటే, పంజరానికి ఒక ఫోటో కొట్టి ఫోన్‌లో పెట్టింది, అంతే. గంట తిరగకముందే పదిమంది 'లాస్ట్ ప్రైస్ ఎంత' అని అడిగిండ్రు గానీ, అవి ఏం తింటయని ఒక్కరూ అడగలేదు. అండ్ల మంచోళ్లు ఎవరో ఎట్ల తెలుస్తదే అని నేనంటే, "అమ్మమ్మా, పిట్టలకు పెళ్లిచూపులు పెడ్తవా ఏంది?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. నలభై ఏండ్ల కింద మట్టెవాడలో ఒక పుంజుకు పెళ్లిచూపులు పెట్టి, మంచి ఇల్లు చూసి మరీ ఇల్లరికం పంపిన మనిషిని నేను. నా ఈడోళ్లు చదివితే నమ్ముతరు, అందుకే రాస్తున్న.

అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. మా ఆయన పోయినంక బిడ్డను చంకనేసుకొని ఊరిడిచి వచ్చి, మట్టెవాడలో ఒక నూనె దుకాణం వెనుక చిన్న అర్ర కిరాయికి తీసుకున్న. పని ఎనుమాముల మార్కెట్లో, మిర్చి కుప్పల కాడ రంగు పోయిన తాలుకాయలు ఏరుడు. తెల్లారకముందే గేటు కాడ నిలబడ్డ ఆడోళ్లనే పనికి పిలుస్తరు, ఎండ పొడిచినంక పోతే ఉత్త చేతులతో తిరిగి రావాలె. ఇంట్లో గడియారం లేదు, ఉన్నా నాకు చూడరాదు. నా గడియారం మా పుంజు. ఊరి నుంచి వచ్చేటప్పుడు కొంగులో కట్టుకొని తెచ్చిన పిల్ల అది, సాయంత్రం వాకిట్లో చీర దులుపుకుంటే రాలే మిర్చి గింజలు ఏరుకొని తిని పెరిగింది, కోళ్లకు కారం తెలువదు కదా. ఛాతీ ముందు నడుస్తే వాడు వెనుక నడిచేటోడు, అందుకే దొర అని పిలిచేదాన్ని. నాలుగేండ్లు దొర కూసిన కూతకు లేచి పోయిన, ఒక్కనాడూ పని తప్పలేదు. గొప్ప చెప్పుకుంటున్ననంటరేమో. గొప్పే మరి.

అయితే ఇంటి ఓనరు బిడ్డ కాన్పుకు వచ్చింది. పసిగుడ్డు రాత్రంతా ఏడ్చి తెల్లారగట్ల కండ్లు మూస్తది, సరిగ్గా అప్పుడే మా దొర గోడెక్కి కూస్తడు. నెల రోజులు ఓర్చుకున్నరు, వాళ్లు చెడ్డోళ్లు కాదు. ఆఖరికి ఓనరు వచ్చి పుంజన్నా పోవాలె, నువ్వన్నా పోవాలె అన్నడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఆ తర్వాతి మాటకు వచ్చింది. "నాకే అమ్మరాదా, అల్లుడు కూడ వచ్చిండు" అని పుంజు దిక్కు సూసి మింగిన ఉమ్మి నాకు ఇప్పటికీ యాదికున్నది.

పెట్ట అయితే గుడ్ల కోసమన్నా సాదుకుంటరు. పుంజును కొనేటోడు కూరకే కొంటడు, లేకుంటే కాలికి కత్తి కట్టి పందానికి దింపుతడు. ఉత్తగ ఇద్దామా అంటే, ఉత్తగ వచ్చిందానికి విలువుండదు, రెండోనాడే కోసుకుంటరు. అందుకని ఒక ఉపాయం పన్నిన. కూర ధరకు రెండింతలు చెప్పిన. కూరకు కొనేటోడు ఆ ధరకు మేకమాంసం తెచ్చుకుంటడు గానీ కోడికి పెట్టడు, పెట్టినోడు ప్రాణంతో కావాలని పెట్టినట్టే. చదువు రానిదానికి ఈ లెక్క ఎట్ల తట్టిందని ఓనరు ముక్కు మీద వేలేసుకున్నడు. చదువు రాకుంటే తెలివి లేదని ఎవరు చెప్పిండ్రో నాకు తెలువదు.

దొరను గంప కింద పెట్టుకొని మార్కెట్‌కే తీసుకపోయిన. ధర విని నవ్వినోళ్లు నవ్విండ్రు, ఒకడు వంగి కాళ్ల ముళ్లే చూసిండు, పందెపోడని తెలిసి గంప మూసిన. మూడోనాడు పరకాల దిక్కు పల్లె నుంచి మిర్చి బస్తాల వెంట ఒకామె వచ్చింది, నా ఈడుదే, గంప ఎత్తి, అడగకుండనే దొరను చేతిలోకి తీసుకొని రెక్క లేపి రొమ్ము కింద వేళ్లు పెట్టింది. తూకం చూస్తాంది, కోసుకునే చెయ్యే ఇది అనుకొని లటుక్కున గుంజుకున్న. ఆమె నాకంటే గట్టిగ లేచింది: "పేన్లున్నయా అని చూస్తున్ననే అక్కా, తినెటోళ్లు పేన్లు చూస్తరా? నా ఇంట్ల ఏడు పెట్టలున్నయి, వాటికీ అంటిస్తనా?" నాకు సిగ్గైంది. వాళ్ల పుంజును కుక్కలు పట్టుకపోయినయట, పెట్టలు గుడ్లు పెట్టుడే గానీ పొదగేస్తే అన్నీ మురిగిపోతున్నయట. ధర ఒక్క మాట తగ్గించమని అడగలేదు. పోయేటప్పుడు మాత్రం, "ఏడుగురి ఇంటికి ఇల్లుటపు అల్లుణ్ని ఇస్తున్నవ్, ఇగ నువ్వు నాకు వదినెవే" అని నవ్వింది. నవ్విన గానీ, వాళ్ల బండి గేటు దాటేదాక మిర్చి ఘాటు అని కండ్లు తుడుచుకున్న.

మాట మీద ఊరుకునే రకం కాదు నేను. పదిహేను రోజులకు, చెప్పకుండ చెయ్యకుండ చూసొద్దామని బయలుదేరిన. బస్టాండులో బోర్డు చదువరాక నలుగురిని అడిగిన, ఒకాయన కండ్లు లేవా అన్నడు. ఎట్లనో చేరుకున్న. నన్ను చూసి ఆమెకు సంబురం ఆగలేదు, నీళ్లిచ్చి, మంచం వాల్చి, నేను వద్దు వద్దంటున్నా పెనిమిటికి, వదినె వచ్చింది కోడిని పట్టుకరమ్మని కేకేసి, పొయ్యి కాడికి పోయింది. మన దిక్కు వియ్యపురాలు ఇంటికొస్తే పప్పు పెడ్తరా? ఆ పెనిమిటేమో పొదిగే పెట్టను, గుడ్లు పెట్టే పెట్టను ముట్టడు కదా, ఏ సంసారీ ముట్టడు. ఉన్న ఒక్క మగకోడిని పట్టిండు. కాళ్లు పట్టుకొని తలకిందులు వేలాడేసి, కత్తి నూరుకుంటా వాకిట్లోకి వచ్చిండు, చూస్తే మా దొర!

నేను అరిచిన అరుపుకు పక్కింటోళ్లు గోడెక్కిండ్రు. ఆమె గంటె పట్టుకొని ఉరికొచ్చి, ఊర్లె కొనుక్కరావాలె గాని దీన్ని పడ్తరా అని పెనిమిటిని తిట్టింది, ఆయన తెల్లమొగం వేసి "ఉత్తగ ఇచ్చిండ్రంటివి కదనే!" అన్నడు. అప్పుడు బయటపడ్డది, ధర చెప్తే మొగడు తిడ్తడని ఉత్తగనే వచ్చిందని చెప్పిందట. ఉత్తగ వచ్చిందానికి విలువుండదని నేను ముందే అనలేదా? నేనే పోయి నా చేతులారా వాణ్ని కోయించేదాన్ని. విడిచిపెట్టంగనే దొర రెక్కలు దులుపుకొని, నా దిక్కు ఒక్కసారన్నా చూడకుండ పెట్టల కాడికి పోయిండు. అల్లుండ్లంతా అంతే. ఆ పూట ముగ్గురం పప్పు, మామిడికాయ తొక్కు వేసుకొని తిన్నం, నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. అంత కమ్మటి పప్పు నేను మళ్లీ తినలేదు.

ఇటు మట్టెవాడలో దొర లేక రెండు రోజులు పొద్దెక్కినంక లేచి పని పోగొట్టుకున్న. అది చూసి ఓనరు భార్య, మెలకువ వచ్చినప్పుడల్లా కిటికీల నుంచి చూసుకొమ్మని తమ గోడ గడియారం కాడ నిలబెట్టి, చిన్న ముల్లు, పెద్ద ముల్లు, అంకెలు నేర్పింది. వాడు పోకుంటే నేను అంకె నేర్చుకునేదాన్ని కాదు. అంకెలు వచ్చినంక అక్షరాలకు ఎందుకు భయపడాలె అని వాడకట్టులో పెద్దోళ్లకు చెప్పే సాయంత్రం బడికి పోయిన, నా బిడ్డ పలక మీద నేనే దిద్దిన. మరుసటేడు బస్టాండులో నిలబడి ప, ర, కా, ల అని నాలుగక్షరాలు కూడబలుక్కొని, ఎవ్వరినీ అడగకుండ బస్సెక్కిన. కిటికీ పక్కన మహారాణి లెక్క కూసున్న.

దొర సంతానంతో ఆ ఊరు సగం నిండిందని ఆమె ప్రతి మిర్చి సీజన్‌కు వచ్చి చెప్పేది. ఆఖరికి వాడు ముసలోడై, గంప కింద నిద్రలోనే తన చావు తాను చచ్చిండు. మన దిక్కు ఒక పుంజు తన చావు తాను చచ్చుడు ఎంత పెద్ద ముచ్చటో నా ఈడోళ్లకే ఎరుక. ఇప్పుడు ఆ వదినె కూడా లేదు.

పోయిన వారం మనుమరాలితో తగువు పెట్టుకొని, కాగితం మీద నా చేత్తోనే రాసి దాన్నే ఫోటో తీసి పెట్టమన్న: 'పిట్టలను సాదుకునేటోళ్లు ఇంటికి వచ్చి మాట్లాడాలె. ఛాయ్ పోస్తం.' అది పెట్టంగనే ధర అడిగే మెసేజ్‌లన్నీ బందైనయి. అమ్మేది, కొనేది ఒకరి మొగం ఒకరు చూడకుండనే అయిపోయే కాలం ఇది. ఎదుటిమనిషి చెయ్యి ఎక్కడ పడ్తాందో చూసి గుణం తెలుసుకునే పనే లేదు, తగువూ లేదు, అందుకే వదినెలూ లేరు. నాలుగు రోజులకు ఒక్కామె ఫోన్ చేసింది. ధర అడగలేదు, రాత్రిపూట పంజరం మీద బట్ట కప్పుతరా అని అడిగింది. ఆదివారం వస్తనన్నది.

వస్తదో, రాదో. ఈ రోజుల్లో వస్తనన్నోళ్లంతా వస్తలేరు. కానీ పొద్దున్నే పప్పు నానబెట్టుమని మనుమరాలికి చెప్పిన. పిట్టల కోసం వచ్చేటోళ్లకు మా ఇంట్లో కోడి వండరు.