గంట కొట్టి ఆపిన సాక్ష్యం

ఎవరినైనా మాట మధ్యలో ఆపి, "వచ్చే వారం విందాం" అన్నారా మీరు? నేనన్నాను. గురువారం పొద్దున మణికొండలో, ఆఫీసు క్యాబ్ కోసం అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడ్డ మా అక్క అక్కడే కుప్పకూలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. బావ ఫోన్ చేసి, "తమ్మీ, మీ అక్క ఇగ లేదు" అన్నాడు. "లేదంటే, ఎక్కడికెళ్లింది బావా?" అని అడిగాను. ఎన్ని సమాధుల దగ్గర వాక్యం చెప్పిన నోరో ఇది. ఆ ఒక్క మాట నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

మాది రక్తసంబంధం కాదు. మా ఇంట్లో ఆదివారాలు నేను నడిపే ప్రార్థన కూడికకు మొదటి రోజు నుంచీ వచ్చిన మనిషి. నేను వేదాంత కళాశాల మెట్లెక్కినవాణ్ని కాదు, బైబిలు చంకలో పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నవాణ్ని. నేను గొంతు పెంచితే అందరూ తలలు దించుకునేవారు. అక్క మాత్రం సూటిగా చూసేది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. "నువ్వు చెప్పాల్సింది సగంలనే అయిపోయింది తమ్మీ, మిగిలిందంత కాపీ పేస్ట్" అనేది టీ గ్లాసు అందుకుంటూ.

దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోతున్నారని తలా రెండు నిమిషాల నియమం పెట్టింది ఆమే. హోటల్ కౌంటర్ల మీద ఉండే నొక్కుడు గంట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. అది టింగుమంటే ఎవరైనా కూర్చోవాల్సిందే. ఒకసారి నా మీదా కొట్టింది.

ఈ చలికాలం కంపెనీ ఆమెను రెండు వారాలు నార్వే ఉత్తరపు కొసకు పంపింది. అక్కడ ఒక ఆదివారం ఆరాధన మానేసి, తిమింగలాలను చూపించే పడవ ఎక్కిందట. బావ నోట విని మండిపోయాను. ఆమె తిరిగొచ్చిన ఆదివారమే, దేవుని మాట తప్పించుకుని ఓడెక్కి పెద్ద చేప కడుపులో పడ్డ ప్రవక్త గురించి నిప్పులు కురిపించాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. కూడిక అయ్యాక అక్క కుర్చీలు మడుస్తూ, "గాయన పారిపోనీకి ఓడెక్కిండు, నేను జూడనీకి ఎక్కిన. జర ఫరక్ లేదా తమ్మీ?" అని నవ్వింది.

ఆ మరుసటి ఆదివారం సాక్ష్యానికి లేచింది. "మూడు గంటలు పడవల కూసున్నం. ఏం కనవడలే..." అని మొదలుపెట్టింది.

చెయ్యి చాపి గంట కొట్టాను. అర నిమిషం కూడా కాలేదు.

"విహారయాత్రలు సాక్ష్యం కావమ్మా. వచ్చే వారం చూద్దాం."

"అట్లనే, బ్రదర్" అని కూర్చుంది. తమ్మీ అనలేదు.

ఆ సాయంత్రం నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. 'తీరినప్పుడు విను' అని కింద రాసింది. నేను తెరవలేదు. ఆ తర్వాత ఆమె ప్రతి ఆదివారం వచ్చింది, కుర్చీలు వేసింది, పాటలు పాడింది. సాక్ష్యానికి మాత్రం మళ్లీ లేవలేదు. నేనూ అడగలేదు.

భూస్థాపన నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా ఆ వీడియో తెరిచాను. మసక వెలుతురు, బూడిదరంగు సముద్రం, వెనక మంచు కొండలు. పడవ ఇంజన్ ఆపేశారు. చాలాసేపు నీళ్లే. ఉన్నట్టుండి పక్కనే ఎక్కడో ఒక ఊపిరి, ఇల్లంత ఊపిరి! జల్లు వచ్చి కెమెరా మీద పడి బొమ్మంతా చెదిరిపోయింది. తిమింగలం కనబడనే లేదు. అక్క గొంతు వినిపించింది. "దేవా... సముద్రం నీదేనని మా తమ్ముడు వారం వారం ఒర్రుతడు. గిది ఆయన ఇనాలె."

సముద్రంలోని పెద్ద ప్రాణులను చేసినవాణ్ని స్తుతించే కీర్తన నాకు కంఠతా వచ్చు. ఆయన చేసిన ఆ ప్రాణి ఊపిరిని ఆమె నా చేతిలో పెడితే, నేను గంట కొట్టాను.

ఈ ఆదివారం బల్ల మీద గంట ఉండదు. ఆమె ఫోన్‌లో పంపిన సముద్రం ఉంటుంది. అందరం వింటాం. కానీ ఆమె వినిపించాలనుకున్నది నాకు, ఆమె బతికుండగా.

మీరు ఆపేసిన మనిషి ఒకరుంటారు. మీ ఫోన్‌లో తెరవకుండా వదిలేసిన మాట ఒకటుంటుంది. ఆదివారం దాకా ఆగకండి, సాయంత్రం దాకా కూడా వద్దు. ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్ చేయండి. "చెప్పు, వింటున్నా" అనండి. ఆ తర్వాత మీరు నోరు మెదపకండి.