క్రిస్మస్ స్టార్ల వైరు

మా చర్చిలో ఇరవై ఏళ్లుగా క్రిస్మస్ స్టార్లకు కరెంటు ఇచ్చేది నేనే. చర్చి మీద ఒకటి, పాస్టరుగారింటి మీద ఒకటి, మా వీధిలో ఇంటింటికీ ఒకటి. ఒక్కటీ ఆరిపోయింది లేదు. నేను చేసేది అశ్వారావుపేటలో పామాయిల్ సాగే అయినా, ఈ స్టార్ల పుణ్యమా అని ఎలక్ట్రీషియన్‌నన్న పొగరు మాత్రం నెత్తికెక్కింది.

నా భార్యకు షుగర్. ఇన్సులిన్ చల్లగా ఉండాలి కాబట్టి పదేళ్లుగా ఆమె ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. భద్రాచలం అవతల గోదావరి ఒడ్డున రెండు రోజులు గడపాలని ఆమె కోరిక. ఆ కోరిక తీర్చే మొనగాణ్ణి నేనే కదా అని, పాత ట్రాలీ ఇరుసు మీద రేకుల గది కట్టించాను. అందులో మంచం, చిన్న ఫ్రిజ్, దాన్ని నడపడానికి ఒక బ్యాటరీ. జీపు దాన్ని లాగుతుంటే, జీపు బ్యాటరీ నుంచి వెనక బ్యాటరీకి చార్జింగ్ ఎక్కాలి.

అందుకు వైరు కావాలి. అటక మీద స్టార్లకు తెచ్చిన వైరు చుట్టలు చుట్టలుగా ఉంది. అదే లాగేశాను. చార్జింగ్ తెలియడానికి ఒక ఎర్ర బల్బు కూడా తగిలించాను.

"చార్జింగ్ ఎక్కుతదంటరా?" అని నా భార్య అడిగింది.

"బల్బు వెలుగుతుందిగా" అన్నాను, ఇంకేం కావాలన్నట్టు. దారిలో ఎలాగూ ఎక్కుతుందని, ఇంటి దగ్గర వెనక బ్యాటరీకి చార్జింగే పెట్టలేదు. ఇన్సులిన్ డబ్బాను ఆమె స్వయంగా ఫ్రిజ్‌లో పెట్టింది. మార్చి నెలాఖరు ఎండలో బయలుదేరాం.

దమ్మపేట దాకా రెండుసార్లు బండి ఆపించి నీళ్లకని దిగింది. గిట్ల ఊరూరా ఆగితే గోదావరి ఎండిపోతుందని ఎగతాళి చేశాను. చండ్రుగొండలో మళ్లీ దిగింది. ఆమె బోరింగు దగ్గరికి వెళ్లినప్పుడు నేను వెనక గది తలుపు తీశాను. ఎర్ర బల్బు దివ్యంగా వెలుగుతోంది. ఫ్రిజ్ మాత్రం ఆగిపోయి, లోపల గోరువెచ్చగా ఉంది.

రోడ్డు పక్కనే ట్రాక్టర్ల బ్యాటరీలు చూసే షెడ్డు ఉంది. మెకానిక్ మీటరు పట్టుకొచ్చి ముందు జీపు దగ్గర చూశాడు, తర్వాత వెనక చూశాడు.

"సార్, ఈ వైరు యాడిది?"

"స్టార్లకు తెచ్చింది."

"స్టార్‌కైతే మంచిగ సరిపోతది" అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "ఫ్రిజ్‌కు, బ్యాటరీకి గింత సన్నది యాడ సరిపోతది? కరెంటు దారిలనే అయిపోతది. బల్బుకేంది, కొంచెమొచ్చినా వెలుగుతది. ఏలు లావు వైరు ఏయాలె. గంటల ఏసిస్త."

ఇరవై ఏళ్ల నా కీర్తిని ఆయన అరనిమిషంలో ముగించాడు.

వైరు మారుతుంది సరే, మందు సంగతేంటి? అబద్ధం ఆడదామనే మొదట అనుకున్నాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, మాట కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ తడి చేతులతో ఆమె ఎదురొస్తుంటే ఆ మాట పక్కన పెట్టేశాను. ఆ మందు ఆమె ఒంట్లోకి వెళ్లాల్సింది.

"ఫ్రిజ్ ఆగిపోయింది. మందు పాడైనట్టుంది. ఇంటికి పోదాం" అన్నాను.

ఆమె భుజాన ఉన్న సంచి దించింది. అందులో చిన్న మట్టి కుండ, దాని చుట్టూ తడి గుడ్డ. మూత తీస్తే ఇన్సులిన్ సీసాలు చల్లగా ఉన్నాయి.

"ఫ్రిజ్‌ల పెట్టింది ఉత్త డబ్బా. మీ మనసు నొచ్చుకుంటదని" అంది.

ఊరూరా దిగింది ఆ గుడ్డ తడపడానికని అప్పుడు వెలిగింది నాకు.

"అంటే నన్ను నమ్మలేదన్నమాట" అన్నాను, ఆ పరిస్థితిలో కూడా ఉక్రోషంగా.

"మిమ్మల్ని నమ్మకపోతే పదేండ్ల తర్వాత ఇల్లు ఇడిసి వస్తనా? మీ వైరును నమ్మలే."

లావు వైరు వేయించాను. గోదావరి ఒడ్డున ఫ్రిజ్ బ్రహ్మాండంగా పనిచేసి నా మజ్జిగను చల్లబరిచింది. మందు కుండలోనే ఉంది. గుడ్డ తడిపే పని మాత్రం ఆమె నాకు అప్పగించింది. ఆ రెండు రోజులూ దాన్ని ఒక్కసారి కూడా ఆరనివ్వలేదు.