దీనమ్మ పెద్దమ్మ చెప్పిన సాక్ష్యం

ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చిన చప్పుడు వింటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. నిన్న కూరగాయలు తరుగుతుంటే మోగింది. బస్సు ఎక్కానని మా తమ్ముడు చెప్పాడు, అంతే. అయినా కత్తి పక్కన పెట్టి రెండోసారి విన్నాను. ఆ చప్పుడు వింటే నాకు దీనమ్మ పెద్దమ్మే గుర్తొస్తుంది.

తాండూరులో ఆమెది మా పక్కిల్లు. దగ్గరి ఊరు యాలాల్‌లో పొలం కూలికి పోయిన కుటుంబం. ఇక్కడికొచ్చాక నాపరాళ్ళ పాలిష్ మిషన్ దగ్గర పనిచేసింది. మా వాడలో క్రైస్తవ కుటుంబాలు కొన్నే. బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ళ ప్రార్థన కూటం ఆమె ఇంట్లోనే జరిగేది. బడి చేర్పుల నుంచి పిల్లల జ్వరాల దాకా ఏ సంగతి కావాలన్నా మేము ఆ చాప మీదే అడిగేవాళ్ళం. పెద్దమ్మ చెప్పిందంటే ఇక తిరుగు లేదు.

మా అమ్మాయి కృపకు పద్నాలుగు నిండాక బడిలో ఒక కాగితం ఇచ్చారు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు టీకా వేస్తారట, మేము సంతకం పెట్టాలట. ఆ బుధవారమే పెద్దమ్మ తన ఫోన్‌కు వచ్చిన వాయిస్ మెసేజ్ మాకు వినిపించింది, ఎవరిదో మగగొంతు. ఆ సూది వేసుకున్న పిల్లలకు సంతానం కలగదని అందులో చెప్పాడు. "ఎవ్వరూ సంతకాలు పెట్టకుండ్రి" అంది పెద్దమ్మ. నేను కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేశాను.

భయం మాత్రం పోలేదు, రెండింతలయింది. మా అమ్మ పోయింది ఆ జబ్బుతోనే. సూది వేయిస్తే బిడ్డ కడుపు పండదేమో, వేయించకపోతే అమ్మ గతే పడుతుందేమో. కృప స్నానానికి పోయి కాస్త ఆలస్యం చేసినా తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచేదాన్ని.

చివరికి ఈ రెండు భయాలూ పెద్దమ్మతోనే చెప్పాను. ఆమె బట్టలు ఆరేస్తోంది.

"మీ అమ్మ ఆఖరి దినాలల్ల నెత్తుటి బట్టలు పిండింది నేనే గద, రూతూ" అని ఆగిపోయింది. చేతిలో చీర తీగ మీద వేయకుండానే నా వైపు తిరిగింది. "గా ఫోన్ల మాట్లాడినోడు ఎవడే?"

"నీకే గద పెద్దమ్మా వచ్చింది. నాకేం తెలుసు?"

"నాక్కూడ తెల్వదు. పేరు తెల్వనోని మాట తీస్కపోయి ఇంటింటికి పంచిన."

మర్నాడు ఇద్దరం ప్రభుత్వ ఆసుపత్రికి పోయాం. వరుసలో అందరూ వింటుండగానే పెద్దమ్మ నర్సును నిలదీసింది. "నీకు బిడ్డ ఉన్నదా? దానికి ఏపిస్తవా గీ సూది?"

నర్సు విసుక్కోలేదు. "నా బిడ్డ ఇంక చిన్నదమ్మా. పద్నాలుగు నిండంగనే ఏపిస్త. చెయ్యి నొస్తది, కొందరికి జరమొస్తది, కండ్లు తిరుగుతయి. గందుకే అర్ధగంట కూసోబెడ్తం. పిల్లలు పుట్టరనేది మాత్రం అబద్ధం."

తర్వాతి బుధవారం కూటంలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు నలుగురి ముందు లేచి చెప్పుకోవడం. పెద్దమ్మ లేచి, "నేను మీకు తప్పు చెప్పిన" అంది. ఫోన్‌లో విన్నది అబద్ధమని, నర్సు చెప్పిందంతా వివరించింది. మా అందరికీ పెద్ద దిక్కయిన మనిషి అలా తప్పు ఒప్పుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఎదురింటి మార్తక్కకూ కృప ఈడు కూతురుంది. ఆమె కోపంగా లేచింది. "మొన్న చెప్పింది నిజమా, ఇయ్యాల చెప్పేది నిజమా? మేం దేన్ని నమ్మాలె?"

"నన్ను నమ్మకు బిడ్డా. నాతోని దవాఖానకు రా, నీ నోటితోనే అడుగు."

మార్తక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కృపకు టీకా వేయించాక కూర్చోబెట్టిన ఆ అరగంట నాకు ప్రాణం పోయి వచ్చినంత పనయింది. పిల్ల ఆవులించినా నర్సును పిలిచాను. పెద్దమ్మ పక్కనే కూర్చుంది గాని, నాకు ధైర్యం చెప్పలేదు. "నాకూ భయమైతంది" అంది. ఏ ధైర్యవచనం కన్నా నాకు ఆ మాటే ఆసరా అయింది.

మిగిలిన తల్లులు ఒక్కొక్కరే తమ పిల్లల్ని తీసుకుని ఆసుపత్రికి వచ్చారు. మార్తక్క రాలేదు. "నమ్మకం పోగొట్టింది నేను, తిరగాల్సింది గూడ నేనే" అంటూ పెద్దమ్మ వారం వారం ఆ గుమ్మానికి పోయేది. వానాకాలంలో గుండెపోటుతో పెద్దమ్మ పోయింది. మార్తక్క కూతురికి ఇంకో రెండు నెలల్లో పదిహేను నిండుతాయి, ఆ తర్వాత టీకా వేయరట.

ఇప్పుడు ఆ గుమ్మానికి నేను పోతున్నాను. పోయిన బుధవారం మార్తక్క తలుపు తీయకుండానే అడిగింది.

"నీ బిడ్డ మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నదక్కా. నాకు మాత్రం ఇంక భయమే. రా, ఇద్దరం పోయి అడుగుదాం."

తలుపు కింది సందులోంచి ఆమె పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. తలుపుకు అవతల ఆమె, ఇవతల నేను నిలబడే ఉన్నాం.