మెరిసే లంగరు

బెజవాడ కాలువల్లో పాతికేళ్ళు సరంగుగా చేసిన సైదాకి పడవ కంటే ముందు దాని లంగరు చూడటం అలవాటు. 1946లో లాయరు వెంకటకృష్ణారావు కొత్త తెరచాప పడవ కట్టించి, స్నేహితులతో సముద్రం దాకా షికారు పోదామని సైదాని కుదుర్చుకున్నాడు. యుద్ధం సామాన్ల వేలంలో కొన్న లంగరుని పడవ ముందు వేలాడదీయించాడు. నాలుగు సన్నటి కొక్కేలు, అద్దంలా మెరిసే పూత.

"ఇది రాళ్ళల్లో పట్టుకునేదండీ," అన్నాడు సైదా. "మనం పోయేచోట అంతా మెత్తటి బురద. పార లాంటి వెడల్పు రెక్కలున్నది కావాలి. కమ్మరి హనుమయ్య నాలుగు రోజుల్లో కొట్టి ఇస్తాడు."

"ఆ మోటు ఇనుముని నా పడవకి తగిలిస్తావా? నలుగురూ నవ్వరూ!"

సైదాకి ఒళ్ళు మండింది. నీళ్ళ అడుగున ఉండే వస్తువుకి అందమేమిటి?

లాకులు దాటుకుంటూ నాగాయలంక చేరి, కృష్ణలో దిగారు. దారంతా లాయరుగారి స్నేహితులు జంతికలు నములుతూ, పేకాడుతూ, ఎంగిలాకులు సైదా కాళ్ళ దగ్గరే పడేశారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలకి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర లంగరు వేయమన్నారు. సైదా తాడు చాలా పొడుగ్గా వదిలాడు. అయినా సముద్రపు పోటు తీసి, గాలి తిరగ్గానే పడవ వెనక్కి జారింది. గడ వేసి ఆపబోతే అడుగు అందలేదు. చూస్తుండగానే పడవ వెళ్ళి ఒడ్డు దగ్గర అమలమ్మ అనే జాలరామె వలకట్టు మీద పడింది. పాతిన గుంజలు పటపటా విరిగాయి, వల రెండుగా చిరిగింది.

అమలమ్మ మొగుడు పోయాక ఆ వలమీదే బతుకుతున్న మనిషి. మొలలోతు నీళ్ళలో నిలబడి గుండెలు బాదుకుంది.

"వీడికి లంగరు వేయడం రాదు!" అని లాయరు అందరూ వినేట్టు అరిచాడు.

సైదా తాడు లాగి, లంగరుని ఆయన ముందు పడేశాడు. కొక్కేలకి చెంచాడు బురద కూడా అంటలేదు. స్నేహితుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. లాయరు మొహం తిప్పుకుని, "ఈ కంపులో ఎంతసేపు? పదండి," అన్నాడు. అమలమ్మ వైపు చూడనైనా లేదు.

సైదా కండువా భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగిపోయాడు. పడవని అతని కింద పనిచేసే కళాసులే తిప్పుకుపోయారు. రెండు రోజులు అక్కడే ఉండి, గుంజలు కొట్టి, అమలమ్మతో కలిసి వల అల్లి ఇల్లు చేరాడు.

నెల తిరక్కుండా, రమ్మని లాయరు కబురు పెట్టాడు. పోలేదు. చీరల వ్యాపారి మార్కండేయులుగారి సరుకు పడవ మీద పనికి చేరాడు. ఆ పడవకి ముందు హనుమయ్య చేత వెడల్పు రెక్కల లంగరు కొట్టించాకే తాడు విప్పాడు.

"ఆయన్ని ఆ రోజే నాలుగు మాటలతో కడిగేయకపోయారా?" అంది భార్య జహీదా.

"ఆ మనిషితో మాట్లాడితే నా నోరే పాడవుతుంది," అన్నాడు సైదా.