తొట్టిలో పాకే బిడ్డ

గుడియాత్తం బజారులో మా నాయన అంగడికి ఏడాదంటే నెలలు కాదు, సరుకులు. కృష్ణాష్టమికి పాకే కృష్ణుళ్లు, చవితికి వినాయకుడి గొడుగులు, నవరాత్రికి కొలువు బొమ్మలు, డిసెంబరుకు కాగితం నక్షత్రాలు, ప్లాస్టిక్ చెట్లు, యేసు పుట్టిన పశువుల పాక సెట్లు. తరతరాలుగా ఈ తమిళ ఊళ్లోనే వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం మాది. ఇంట్లో క్రీస్తును నమ్మింది నేనొక్కడినే.

ఆ నమ్మకం వేలూరులో కలిగింది. అక్కడ ఒక ఆస్పత్రిలో యంత్రాలు బాగు చేయడం నా ఉద్యోగం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలను సరిచూస్తూ, వాటిలో తల కూడా తిప్పలేని బిడ్డలను చూసేవాణ్ణి. దేవుడు ఇంత చేతకాని ఒంట్లోకి దిగి వచ్చాడని ఒక నర్సమ్మ అన్న మాట నన్ను వదల్లేదు. చివరికి నవంబరులో బాప్తిస్మం తీసుకున్నాను. పీఠం ముందు మోకరించి రొట్టె, ద్రాక్షారసం అందుకునే మొదటి ప్రభు భోజనం మాత్రం మా ఊళ్లోనే, క్రిస్మస్ ఉదయం ఆరాధనలో తీసుకోవాలనుకున్నాను. నాయనతో ఒప్పందం కుదిరింది: ఇరవై నాలుగు దాకా, మళ్లీ ఒకటో తేదీన అంగడిలో కూర్చుంటాను, క్రిస్మస్ ఉదయం నాది.

ఇరవై నాలుగు సాయంత్రం మిగిలిన సరుకు సర్దుతుంటే, చెత్తబుట్టలో శిశువు యేసు బొమ్మ ముక్కలై కనిపించింది.

"నాయనా, ఈ బిడ్డ సెట్టు యాడుండాది?"

"పొద్దున చర్చివాళ్లు తీసుకపోయినారు. వాకిట్లో పెట్టేదానికంట."

"బిడ్డ లేకుండానా?"

"బిడ్డ లేకుండా ఎవురు కొంటారు? అష్టమి సరుకులో ఒకటి మిగిలుండె, దాన్ని పెట్టినా."

"అది పాకే కృష్ణుడు నాయనా! చేతిలో వెన్నముద్ద ఉంటాది."

"నెమలీక గీకేసినా కదరా. రంగు కూడా పూసినా. వాళ్లే చూసి, రొంబ అళగా, శానా అందంగా ఉండాదని మెచ్చుకోని పోయినారు. నీకేమి వచ్చె?"

నాయన మోసగాడు కాదు. పగిలిన బొమ్మను పెట్టడం ఆయనకు అపచారం, ఖాళీ తొట్టిని ఇవ్వడం అంతకన్నా అపచారం. దేవుడి చోట దేవుణ్ణే పెట్టాడు. కృష్ణుడి మీద నాకూ కోపం లేదు, మా అమ్మ ఏటా ఉయ్యాలలో ఊపే బిడ్డే. కానీ పాకే బిడ్డ కావలసిన చోటికి వెళ్లగలడు, వెన్న తీసుకోగలడు. నేను నమ్మింది ఏమీ చేయలేక పడుకున్న బిడ్డను. ఆ ఒక్కటి తీసేస్తే నా దగ్గర మిగిలేవి నక్షత్రాలు, ప్లాస్టిక్ చెట్లు.

నాయన కంట పడకుండా అడుగున ఉండిపోయిన మరో సెట్టులోంచి బిడ్డను తీసి జేబులో వేసుకుని, ఉదయం చర్చికి ముందుగానే వెళ్లాను. అనుకున్న క్రమం ఇది: బొమ్మ మార్చడం, లోపలికి వెళ్లడం, మోకరించడం. మొదటిదే జరగలేదు. వాకిట్లో పాక చుట్టూ ఫోన్లు ఎత్తిన జనం. సందు చూసి చెయ్యి చాపాను.

"ఏమప్పా, చెయ్యి పెడతాండావు? ఫోటోలో పడతావు, జరుగు," అంది పట్టుచీర కట్టిన ఒకామె.

"బొమ్మ సరిచేస్తానక్కా, ఒక్క నిమిషం."

"బాగానే ఉండాది కదా. చూడండే, కేకు కావాలని యట్ల పాకుతాండాడో!"

చుట్టూ అందరూ నవ్వారు. పాకుతున్నాడని ఆమె చూసింది. అంతే, ఇంకేమీ అడగలేదు.

చర్చి గుర్తింపు కార్డు వేసుకున్న ఒక పెద్దాయన నా భుజం పట్టి పక్కకు లాగాడు. "ముట్టుకోకూడదు తంబీ. పోయినేడు ఒక గొర్రెపిల్లనే ఎత్తుకపోయినారు."

ఆయనకు సంగతి చెప్పవచ్చు. చెబితే ఆ పూటకే నాయన అంగడి పేరు బజారంతా పాకుతుంది. బిడ్డను అలాగే వదిలేసి లోపలికి పోనూవచ్చు. కానీ ఆ తొట్టిని దాటిపోయి రొట్టె కోసం చెయ్యి చాపడం నాకు చేతకాలేదు. లోపల పాటలు అయ్యాయి. ప్రసంగం మొదలైంది. ఒక గుంపు తప్పుకుంటే ఇంకో గుంపు వచ్చింది. ప్రభువా, వీళ్లను కాస్త కదిలించు అని వేడుకున్నాను. ఎవరూ కదల్లేదు.

లోపలివాళ్లు బయటికి రాసాగి, గేటు దగ్గర కేకు పొట్లాలు తెరిచాక పాక దగ్గరివాళ్లు కదిలారు. పాకే బిడ్డను తీసి జేబులో వేసుకుని, పడుకున్న బిడ్డను తొట్టిలో పెట్టాను. నేను లేస్తుండగానే ఆ పట్టుచీర ఆమె కేకుతో తిరిగి వచ్చి, అదే చోట నిలబడి మళ్లీ ఫోటో తీసుకుంది. తేడా తెలియలేదు.

లోపలికి పరుగెత్తాను. బల్లలు ఖాళీ. పీఠం దగ్గర ఆ కార్డు పెద్దాయనే గిన్నెల మీద తెల్లగుడ్డ కప్పుతున్నాడు.

"ప్రభు భోజనం..." అన్నాను.

"ముడింజిపోయె తంబీ, అంతా అయిపోయె. ఇంతసేపూ వాకిట్లోనే ఉండావు కదా, లోపలికి రాకుంటే యట్లా?" అని, జాలిపడి, సంచిలోంచి ఒక కేకు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంక ఒకటో తేదీనే. ఆ పొద్దు రా."

ఒకటో తేదీ అంగడిలో క్యాలెండర్ల రోజు. ఆ పొద్దు ఉంటానని నాయనకు ముందే మాట ఇచ్చాను, ఈ ఉదయం కోసం.

వెళ్లి పీఠం ముందు మోకరించాను. ఒక చేతిలో కేకు, రెండో చెయ్యి చాచి పెట్టాను. ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. తల మీద ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"తంబీ, తలుపు వేయాల," అన్నాడు పెద్దాయన.